శూన్యంలో ఊగేదేమిటి?

శ్రోతలకు నమస్కారం.

మీరు ఈ మాటలు వింటున్న రేడియో ఏ ఊళ్ళో ఉందో నాకు తెలియదు. పావగడలో ఉండవచ్చు, హోసూరులో ఉండవచ్చు. బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, చంద్రపూర్‌లోనో, యానాంలోనో ఉండవచ్చు. మన ఊళ్ళన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, కచేరీ కాగితాల మీద మరో భాష. బస్సెక్కి నాలుగు మైళ్ళు పోతే చెక్‌పోస్టు వస్తుంది, అంగళ్ళ బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. రేడియో తరంగానికి మాత్రం ఆ చెక్‌పోస్టు లేదు. ఇవాళ దాని సంగతి మాట్లాడుకుందాం. అయితే అది గాలిలో ఎలా పోతుందన్నది కాదు. గాలి కూడా లేని చోట, ఏమీ లేని చోట ఎలా పోతుందన్నది ప్రశ్న.

ఈ ప్రశ్న నాది కాదు. ఒక చిన్నపిల్లది.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా సైన్సు మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. 1980లలో కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దుకు ఐదారు మైళ్ళ దూరంలో ఉన్న ఒక హైస్కూల్లో పాఠాలు చెప్పేవాణ్ణి. పాఠం కన్నడంలో. పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో మాట తెలుగు. ఒకరోజు తొమ్మిదో తరగతిలో కాంతి పాఠం చెబుతూ, ధ్వని ప్రయాణానికి మాధ్యమం కావాలి, కాంతికి అక్కర్లేదు, అది శూన్యంలో కూడా తరంగాలుగా ప్రయాణిస్తుంది అని బోర్డు మీద రాశాను. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. అంతవరకూ ఏదడిగినా కన్నడంలో బదులు చెప్పే పిల్ల, ఆ ఒక్క ప్రశ్నా తెలుగులో అడిగింది. "సార్, ఏమీ లేని తావున ఊగేది ఏంది సార్?"

క్లాసంతా నవ్వింది. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పే ధైర్యమూ ఆ వయసులో లేదు. "పరీక్షలో అది అడగరు, కూర్చోమ్మా" అన్నాను. కూర్చుంది. ఆ ఏడాది ఆ పిల్ల మళ్ళీ లేచి ప్రశ్న వెయ్యలేదు.

రెండేళ్ళ కిందట ఒక పెళ్ళిలో ఆవిడే కనిపించింది. యాభై దాటిన మనిషి, చీరల అంగడి నడుపుకుంటోంది. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టి, నవ్వుతూ, "ఆ ఊగేది ఏందో దొరికిందా సార్?" అంది. నాకు భోజనం సహించలేదు. దొరికిందమ్మా, కానీ సన్నాయి మోతలో చెప్పేది కాదు అన్నాను. ఇదిగో, ఇక్కడ చెబుతున్నాను. వింటానని మాటిచ్చింది.

ముందుగా, ఆ అమ్మాయి ప్రశ్నలో ఉన్న న్యాయం చూడండి. తరంగం అంటే మనకు తెలిసినవేమిటి? గోపాలపురం సముద్రతీరంలో అల. అక్కడ ఊగేది నీరు. వరిచేను మీద గాలి వీచినప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పచ్చని అల పరుగెడుతుంది. ఊగేది పైరు. ఏ మొక్కా తన కుదురు వదిలి కదలలేదు, అయినా అల మాత్రం చేను దాటిపోయింది. గుడిగంట మోగితే ఊగేది గాలి. అంటే తరంగం అనేది స్వయంగా ఒక వస్తువు కాదు, ఏదో ఒక వస్తువు చేసే పని. చెయ్యడానికి వస్తువే లేకపోతే పని ఎక్కడిది? చేనే లేకుండా చేను మీద అల ఎలా వస్తుంది? పద్నాలుగేళ్ళ పిల్ల అడిగింది సరిగ్గా ఇదే. పందొమ్మిదో శతాబ్దపు మహామహులంతా తలలు పట్టుకున్నదీ దీని దగ్గరే.

ధ్వని విషయంలో సందేహం లేదు. 1660లో ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ గాజు పాత్రలో శబ్దం చేసే గడియారాన్ని వేలాడగట్టి, పంపుతో గాలి లాగేశాడు. గాలి తగ్గేకొద్దీ శబ్దం సన్నగిల్లి, చివరికి వినిపించకుండా పోయింది. కానీ ఇంకొక సంగతి గమనించండి. శబ్దం పోయిందే గానీ గడియారం కనిపిస్తూనే ఉంది. గాలి పోయినా వెలుగు పోలేదు.

అంత దూరం ఎందుకు, మన వంటింట్లో ఫ్లాస్కు ఉంటుంది. దాని లోపల రెండు గోడల గాజు బుడ్డి, ఆ రెండు గోడల నడుమ గాలి తీసేసిన ఖాళీ. ఆ ఖాళీలో వేడిని మోసుకుపోవడానికి గాలి లేదు. మరి ఆ గాజుకు వెండిలా మెరిసే పూత ఎందుకు పూశారు? ఖాళీ ఒక్కటే చాలదు గనక. వేడి నీళ్ళ నుంచి వేడి కంటికి కనిపించని కిరణాలుగా కూడా బయలుదేరుతుంది. దానికి ఆ ఖాళీ అడ్డం కాదు, దాటేస్తుంది. ఆ పూత అద్దంలా పనిచేసి దాన్ని వెనక్కి తిప్పి పంపుతుంది. వెండిపూత ఊడిపోయిన ఫ్లాస్కులో కాఫీ త్వరగా చల్లారేది ఇందుకే.

మనకూ సూర్యుడికీ మధ్య ఉన్నది 15 కోట్ల కిలోమీటర్ల ఫ్లాస్కు ఖాళీ. దానిగుండానే వెలుగూ వేడీ వస్తున్నాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. మీలో పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది, వీధులు నిర్మానుష్యమైపోయాయి. ఆ నీడ కర్ణాటకలో అంకోలా దగ్గర భూమి మీదికి వచ్చి, రాయచూరు మీదుగా తెలంగాణ దాటి, ఒడిశాలో కోణార్క తీరం వైపు సాగిపోయింది. నేను రాయచూరు వెళ్ళి చూశాను. మధ్యాహ్నం పూట సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన క్షణాన వెలుగు పోయింది. అదే క్షణాన మెడ మీద ఎండ చురుకూ పోయింది. ముందు వెలుగు, తరవాత వేడి అని కాదు. రెండూ ఒకే బండిలో వస్తున్నాయన్నమాట.

అయితే ఆ బండి ఏ బాట మీద నడుస్తోంది? పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులు మన అమ్మాయిలాగే ఆలోచించారు. ఊగడానికి ఏదో ఒకటి ఉండి తీరాలి, మనకు కనిపించడం లేదంతే అన్నారు. దానికి ఈథర్ అని పేరు పెట్టారు. విశ్వమంతా నిండి ఉండే పదార్థం. అంత వేగంగా తరంగం పోవాలంటే అది ఉక్కు కంటే బిగువుగా ఉండాలి. దానిలోంచి గ్రహాలు ఏ అడ్డూ లేకుండా తిరగాలంటే గాలి కంటే పలచగా ఉండాలి. ఇలాంటి విడ్డూరమైన సరుకును నమ్మడానికి కష్టంగానే ఉన్నా, వేరే దారి లేక నమ్మారు.

సరే, ఉంటే పట్టుకుందాం అనుకున్నారు ఇద్దరు అమెరికా వాళ్ళు, మైకెల్సన్, మోర్లీ. వాళ్ళ ఉపాయం యానాం శ్రోతలకు సులువుగా తెలుస్తుంది, గోదావరిలో పడవ లెక్క అది. గంటకు 5 కిలోమీటర్లు పోయే పడవలు రెండున్నాయి. నది వడి గంటకు 3 కిలోమీటర్లు. ఒక పడవ 4 కిలోమీటర్లు ఎగువకు పోయి తిరిగి రావాలి. పోయేటప్పుడు దాని వేగం 2, కాబట్టి 2 గంటలు. వచ్చేటప్పుడు 8, కాబట్టి అరగంట. మొత్తం రెండున్నర గంటలు. రెండో పడవ అంతే దూరం అడ్డంగా, ఎదుటి ఒడ్డుకు పోయి తిరిగి రావాలి. ప్రవాహం లాగుతుంటే కాస్త ఏటవాలుగా తొయ్యాలి గనక దాని వేగం 4 అవుతుంది. పోను గంట, రాను గంట. మొత్తం రెండే గంటలు. అంటే ఒడ్డున కూర్చుని రెండు పడవల వేళలు చూస్తే చాలు, నీరు కదులుతోందో లేదో, ఎటు కదులుతోందో చెప్పవచ్చు.

భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఈథర్ అనేది నిలిచి ఉంటే, మనకు అది ఎదురు ప్రవాహంలా తగలాలి. 1887లో క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ ఒక పెద్ద రాతి పలకను పాదరసం మీద తేలించి, దాని మీద అద్దాలు అమర్చి, ఒకే వెలుగును రెండు పాయలు చేసి, ఒక పాయను ఇటు, ఇంకొక పాయను అడ్డంగా అటు పంపి వెనక్కి రప్పించారు. పలకను నెమ్మదిగా తిప్పుతూ చూశారు. వేళలో తేడా ఉంటే కనిపెట్టేంత సున్నితమైన పరికరం అది. తేడా కనిపించలేదు. అనుకున్నంతలో చిన్న వంతు కూడా లేదు. నదే లేనట్టుగా రెండు పడవలూ కలిసి ఒడ్డుకు చేరాయి. వాళ్ళకే ఆశాభంగమైంది. ఆ తరవాత ఎన్నో చోట్ల, ఎన్నో విధాల చేసి చూశారు. ఎప్పుడూ అంతే. చివరికి 1905లో, స్విట్జర్లాండులో బెర్న్ నగరంలో పేటెంటు కార్యాలయంలో పనిచేస్తున్న 26 ఏళ్ళ ఐన్‌స్టీన్, ఈథర్ అనే ఊహ అక్కర్లేదు, అది లేకుండానే లెక్కలన్నీ కుదురుతాయి అని తేల్చేశాడు.

ఈథర్ పోయింది. మరి ఊగేది?

దీనికి సమాధానం వెతకాలంటే కాస్త వెనక్కి, ఒక కమ్మరి కొడుకు దగ్గరికి పోవాలి. మైకేల్ ఫారడే. పెద్దగా చదువుకోలేదు. పుస్తకాలు బైండు చేసే అంగట్లో పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకుని శాస్త్రజ్ఞుడైన మనిషి. గణితం రాదు. అది రాకపోవడమే లోకానికి మేలు చేసిందని నాకనిపిస్తుంది. గణితం వచ్చినవాళ్ళు అయస్కాంతానికీ ఇనుప ముక్కకీ మధ్య దూరాన్ని అంకెగా మాత్రమే చూశారు. ఫారడే ఆ మధ్య చోటునే చూశాడు. కాగితం కింద అయస్కాంతం పెట్టి పైన ఇనుప రజను చల్లితే వంకీలు తిరిగిన గీతలు ఏర్పడతాయి, మీరు బడిలో చూసే ఉంటారు. రజను లేనప్పుడు కూడా అక్కడ ఏదో ఉంది అన్నాడు ఫారడే. దానికే మనం క్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. మంచి మాట. రైతుకు క్షేత్రం అంటే పొలం, భక్తుడికి క్షేత్రం అంటే తిరుపతి. భౌతికశాస్త్రంలో క్షేత్రం అంటే, ఒక చోట మరేమీ లేకపోయినా, అక్కడ ఒక విద్యుదావేశాన్ని గానీ అయస్కాంతాన్ని గానీ తెచ్చి పెడితే దాన్ని ఇంత బలంతో, ఇటువైపు లాగడానికి ఆ చోటుకు ఉన్న సిద్ధత. 1831లో ఫారడే ఇంకొకటి కనిపెట్టాడు. అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే అక్కడ విద్యుత్ క్షేత్రం పుడుతుంది. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరు పనిచేసేది దీని మీదే. 1846లో ఒక ఉపన్యాసంలో, కాంతి అంటే ఈ బలరేఖల కంపనమేమో, ఈథరే అక్కర్లేదేమో అని కూడా అన్నాడు. ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాడు స్కాట్లాండువాడు మాక్స్‌వెల్. ఫారడేకు లేని గణితం అతనికి ఉంది. అయస్కాంత క్షేత్రం మారితే విద్యుత్ క్షేత్రం పుడుతున్నప్పుడు, విద్యుత్ క్షేత్రం మారితే అయస్కాంత క్షేత్రం కూడా పుట్టాలి అని సమీకరణాల్లో చేర్చాడు. అలా చేర్చగానే ఆ సమీకరణాల్లోంచి ఒక తరంగం బయటపడింది. దాని వేగం ఎంతో లెక్క కట్టాడు. ఆ లెక్కకు వాడుకున్న అంకెలు, జర్మనీలో వేబర్, కోల్‌రౌష్ అనేవాళ్ళు 1856లో గాజు జాడీల్లో విద్యుత్తును నిలవచేసి కొలిచినవి. ఆ కొలతల్లో దీపం లేదు, అద్దం లేదు, వెలుగు ప్రసక్తే లేదు. వచ్చిన జవాబు సెకనుకు 3,10,740 కిలోమీటర్లు. ఫ్రాన్సులో ఫీజో పళ్ళ చక్రం తిప్పి కాంతి వేగాన్ని నేరుగా కొలిస్తే వచ్చింది సుమారు 3,15,000. రెండు కొలతల్లోనూ కాస్త తప్పులున్నాయి. సరైనది సెకనుకు 2,99,792 కిలోమీటర్ల చిల్లర. కానీ రెండు వేరువేరు అంగళ్ళలో తూచిన సరుకు ఒకే తూకం వచ్చింది. 1864 డిసెంబరులో మాక్స్‌వెల్ లండన్‌లో రాయల్ సొసైటీ ముందు చదివిన వ్యాసంలో, కాంతి అంటే విద్యుదయస్కాంత తరంగమే అని తేల్చాడు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. మాక్స్‌వెల్ కూడా ఈథర్ ఉందనే నమ్మాడు. అతని సమీకరణాలకు మాత్రం దాని అవసరం లేదు. మనిషి కంటే అతని లెక్క ముందుకు పోయిందన్నమాట.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. ఒక ఎలక్ట్రాన్ ఖాళీ చోటులో కదలకుండా ఉందనుకోండి. దాని చుట్టూ అన్ని వైపులా విద్యుత్ క్షేత్రం పరచుకుని ఉంటుంది. మీరు ఎంత దూరంలో నిలబడినా, ఆ చోటి క్షేత్రం "అదిగో, ఎలక్ట్రాన్ అక్కడుంది" అని వేలు చూపిస్తుంది. ఇప్పుడు దాన్ని చటుక్కున పక్కకు జరిపాం. ఏమవుతుంది? ఎవరైనా ఇల్లు మారినప్పుడు జరిగేదే. పక్క వీధివాళ్ళు మర్నాడే కొత్త ఇంటికి వస్తారు. దూరపు చుట్టాలు ఇంకా పాత చిరునామాకే శుభలేఖలు పంపుతుంటారు. కబురు ఎందాకా చేరిందో అందాకా కొత్త చిరునామా, ఆ అవతల అంతా పాత చిరునామా. ఎలక్ట్రాన్ విషయంలోనూ దగ్గరి క్షేత్రం కొత్త చోటును చూపిస్తుంటే దూరపు క్షేత్రం ఇంకా పాత చోటునే చూపిస్తుంటుంది. రెంటి మధ్యా ఒక సరిహద్దు. ఆ సరిహద్దులో లోపలి గీత బయటి గీతతో అతుక్కోవాలి గనక క్షేత్రం అడ్డంగా వంగుతుంది. ఆ వంపే తరంగం. మన సరిహద్దులు గీసిన చోట పడి ఉంటాయి. ఈ సరిహద్దు మాత్రం నిలవదు, సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున నలుదిక్కులకూ పరుగెడుతూనే ఉంటుంది.

ఎలక్ట్రాన్ నిలకడగా ఒకే వేగంతో పోతే ఈ వంపు పుట్టదు. దానికి కుదుపు తగలాలి. ప్రసార కేంద్రం స్తంభంలో ఎలక్ట్రాన్లను సెకనుకు లక్షల సార్లు ముందుకూ వెనక్కూ కుదుపుతారు. సెకనుకు 10 లక్షల సార్లు కుదిపితే, అంటే 1000 కిలోహెర్ట్జ్ అయితే, ఒక వంపుకూ మరో వంపుకూ మధ్య దూరం 300 మీటర్లు. పాత రేడియోల మీద మీటర్లు అని అచ్చువేసి ఉండేది ఈ దూరమే. అదే కుదుపు ఇంకా కోట్ల రెట్లు జోరైతే కంటికి కనిపించే వెలుగు.

కాబట్టి ఊగేది వస్తువు కాదు, క్షేత్రం. ఏమీ లేని చోట అని మనం అంటున్నది పదార్థం లేని చోటు అని మాత్రమే. పదార్థం లేకపోయినా, క్షేత్రానికి ఆ చోటు చాలు. చేను మీద అల రావడానికి పైరు కావాలి. ఇక్కడ విద్యుత్ క్షేత్రపు మార్పు అయస్కాంత క్షేత్రాన్నీ, అయస్కాంత క్షేత్రపు మార్పు విద్యుత్ క్షేత్రాన్నీ పుట్టించుకుంటూ, దారిలో ఎవరి సాయమూ అడక్కుండా పోతాయి.

ఇక్కడ నేను ఇంకొక తప్పు ఒప్పుకోవాలి. ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరుగుతుంది, తిరగలి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు చేతులు మార్చుకున్నట్టు, అని నేను చాలా ఏళ్ళు పాఠం చెప్పాను. వినడానికి బాగుంటుంది, నిజం కాదు. పుట్టిన చోటు నుంచి దూరంగా వచ్చేసిన తరంగంలో రెండు క్షేత్రాలూ ఒకేసారి పెరిగి ఒకేసారి తగ్గుతాయి. ఒకటి నిలువుగా ఉంటే రెండోది అడ్డంగా ఉంటుంది, అంతే తేడా. అలాగే పుస్తకాల్లో పాములా మెలికలు తిరిగిన గీత వేస్తారు. దాన్ని చూసి వెలుగు పాములా వంకర టింకరగా పోతుందని పిల్లలు అనుకుంటారు. వెలుగు సూటిగానే పోతుంది. ఆ గీత ఎత్తు, ఆ చోట క్షేత్రం ఎంత బలంగా ఉందో చెప్పే కొలత మాత్రమే. ఇక కాంతి పొట్లాలు పొట్లాలుగా కూడా వస్తుందన్న సంగతి ఉంది. అది ఇంకో రోజుకు.

మాక్స్‌వెల్ 1879లో పోయాడు. తన తరంగాన్ని ఎవరైనా తయారుచేసి చూపిస్తే చూసే అదృష్టం అతనికి లేదు. జర్మనీలో కార్ల్‌స్రూలో హెర్ట్జ్, 1887, 1888 సంవత్సరాల్లో, గదికి ఒక పక్క నిప్పురవ్వ పుట్టించి, ఏ తీగా కలపకుండా రెండో పక్క తీగచుట్టలో చిన్న నిప్పురవ్వ రాల్చి చూపించాడు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ ఆ తరంగాలనే గోడల గుండా పంపి గంట మోగించాడు, తుపాకి మందు పేల్చాడు.

రేడియో తరంగం శబ్దం కాదన్నది కూడా ఇప్పటికి మీకు స్పష్టమై ఉంటుంది. నా గొంతు మైకు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి పోయేది క్షేత్రాల వంపు. మీ రేడియోలో స్పీకరు దాన్ని మళ్ళీ గాలి ఊపుగా మారుస్తుంది. ఒక తమాషా లెక్క చూడండి. హాల్లో వేదికకు 34 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి పాట చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది. ఆ సమయంలో రేడియో తరంగం 30 వేల కిలోమీటర్లు పోతుంది. కచేరీని స్తంభం నుంచి నేరుగా ప్రసారం చేస్తుంటే, వెనక వరసలోని మనిషి కంటే ముందు, వంద మైళ్ళ అవతల పల్లెలో రేడియో దగ్గర కూర్చున్న మీరు వింటారు.

మన పెద్దలు పంచభూతాల్లో ఆకాశానికి గుణం శబ్దం అన్నారు. ఇవాళ ఆకాశం అంటే భూమి అవతలి ఖాళీ చోటు అనుకుంటే, అందులో పోలేనిది శబ్దం ఒక్కటే. వాళ్ళు చెప్పిన ఆకాశం వేరు, ఈ ఖాళీ వేరు. ఈ రెంటినీ ముడివేసి పెద్దలకు అన్నీ తెలుసు అనడమూ, ఏమీ తెలియదు అనడమూ రెండూ నాకు నచ్చవు. 1930లలో మైసూరులో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు గోపాలస్వామి తన ఇంట్లోనే రేడియో కేంద్రం పెట్టినప్పుడు దానికి ఆకాశవాణి అన్న పేరు వచ్చింది. ఆ తరవాత దేశమంతా అదే పేరయింది. పేరు మాత్రం ముచ్చటైనది, కాదనను.

ఇక ఈ ప్రయాణం ఎంత దూరం సాగుతుంది? గాలిలో ధ్వని కొంత దూరం పోయి వేడిగా మారి అణగిపోతుంది. శూన్యంలో తరంగం దగ్గర సుంకం వసూలు చేసేవాడు లేడు. అది పరచుకునేకొద్దీ పలచబడుతుంది గానీ, దాని శక్తి ఎవరూ లాక్కోరు. రెట్టింపు దూరంలో ఆ వంపు బలం సగం అవుతుంది, అది మోసే శక్తి నాలుగో వంతు. పదిరెట్ల దూరంలో నూరో వంతు. ఎంత దూరం పోయినా సున్న మాత్రం కాదు. కదలని ఆవేశం చుట్టూ ఉండే క్షేత్రం ఇంతకంటే త్వరగా క్షీణిస్తుంది, రెట్టింపు దూరానికే దాని బలం నాలుగో వంతు. అందుకే అది ఇంటి దగ్గరే ఉండిపోతుంది, వంపు లోకం చుట్టి వస్తుంది.

2014 సెప్టెంబరు 24న మంగళయాన్ కుజుడి కక్ష్యలోకి చేరినప్పుడు అక్కడి నుంచి కబురు రావడానికి సుమారు పన్నెండున్నర నిమిషాలు పట్టింది. ఇంజను మండిందో లేదో ఇక్కడివాళ్ళకు తెలిసేసరికి అక్కడ కథ ముగిసి పన్నెండు నిమిషాలయింది. ఆ కబుర్లు అందుకునే 32 మీటర్ల పళ్ళెం బెంగళూరు దగ్గర బ్యాలాళు అనే పల్లెలో ఉంది. ఇక 1977లో బయలుదేరిన వాయేజర్-1 సంగతి చూడండి. దాని ప్రసార శక్తి దాదాపు 23 వాట్లు, చిన్న బల్బు పాటి. 2023 నవంబరులో అది అర్థంలేని అంకెలు పంపడం మొదలుపెట్టింది. 2,400 కోట్ల కిలోమీటర్ల దూరం. ఇంజనీర్లు ఒక ఆజ్ఞ పంపితే చేరడానికి 22 గంటల 30 నిమిషాలు, జవాబు రావడానికి మళ్ళీ అంత. ఇవాళ పొద్దున అడిగితే ఎల్లుండి తెల్లవారుజామున బదులు వస్తుంది. అలా నెలల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపి, 2024 ఏప్రిల్‌లో దాన్ని దారికి తెచ్చారు. ఆ 22 గంటల దారిలో ఆ తరంగాన్ని మోసినది ఏదీ లేదు.

ఇదంతా ఎక్కడో అమెరికాలో అనుకోకండి. తమిళనాడు శ్రోతలకు ఊటీ ఉంది. అక్కడ కొండ వాలు మీద 530 మీటర్ల పొడవున రేడియో దూరదర్శిని 1970లో పని మొదలుపెట్టింది. మహారాష్ట్రలో పుణే జిల్లా ఖోడద్ దగ్గర 45 మీటర్ల పళ్ళాలు 30 ఉన్నాయి. రెండూ గోవింద్ స్వరూప్ చలవ. మా వైపు గౌరిబిదనూరు ఉంది. తెలుగు, కన్నడం కలగలిసిన సీమ. 1970లలో అక్కడ 1000 ఏంటెన్నాలు వరసలుగా నిలబెట్టారు, తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్ల పొడవున. తెలియనివాళ్ళు చూస్తే ఎవరో బట్టలారేసుకోవడానికి దండేలు కట్టారనుకుంటారు. 34.5 మెగాహెర్ట్జ్ మీద, అంటే దాదాపు 8.7 మీటర్ల తరంగాల మీద ఆకాశాన్ని వినడానికి కట్టినవి. శర్మిష్ఠ నక్షత్ర మండలంలో పేలిపోయిన ఒక నక్షత్రపు శేషం ఉంది, కాసియోపియా-ఏ అంటారు. సూర్యుణ్ణి మినహాయిస్తే ఆకాశంలో రేడియో తరంగాలను బలంగా వెదజల్లే వాటిలో ఒకటి. అది సుమారు 11 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ ఎలక్ట్రాన్లు కుదుపు తిన్నది 11 వేల ఏళ్ళ కిందట. ఆ కబురు ఖాళీలోంచి నడిచి నడిచి ఇప్పుడు ఇక్కడికి చేరుతోంది.

చీరల అంగడి అమ్మా, వింటున్నావనుకుంటాను. నీ ప్రశ్నకు జవాబు ఇది. ఊగేది క్షేత్రం. ఇందులో ఇంకా అనుమానం ఉంటే, క్షేత్రం అంటే అసలు ఏమిటి సార్ అని అడగాలనిపిస్తే, ఈసారి కూర్చోమనను. నాకూ అక్కడిదాకా వచ్చాక అడుగు ముందుకు పడదు, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

మొదట్లో మీకు నమస్కారం చెప్పాను. ఇది ఎఫ్.ఎం.లో ప్రసారమవుతుంటే ఆ నమస్కారంలో కొంత భాగం ఆకాశంలోకి కూడా పోయి ఉంటుంది. ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లకు అది సూర్యుడంత దూరం దాటింది. ఇప్పటికి దానికి రెట్టింపు దూరం కూడా దాటిపోయి ఉంటుంది. చాలా పలచగానే అనుకోండి. ఇంకా పోతోంది.

సెలవు.